అత్తగారి స్టాప్‌వాచీ

మీటరమ్మ అంటే కరెంటాఫీసు తరఫున ఇంటింటికీ తిరిగి మీటరు చూసి రాసుకొచ్చే మనిషి. పదేళ్లుగా కాంట్రాక్టు కొలువు. ఉంచుతారో పంపేస్తారో ఏడాదికోసారి గుండెలు గుప్పెట్లో పెట్టుకుని తెలుసుకోవాలి. ఆ ఏడు ఆఫీసు ఆడవాళ్ల బాస్కెట్‌బాల్ జట్టులో ఒక చోటు ఖాళీ అయింది. అది దక్కినవాళ్లకు ఉద్యోగం పర్మనెంటు. ముప్పై రెండు నిండితే మాత్రం పోటీకి పనికిరారు. మీటరమ్మకు ముప్పై రెండు నిండటానికి నాలుగు నెలలుంది. మళ్లీ ఖాళీ వచ్చేదెప్పుడో, అప్పటికి ఆమె వయసెంతో.

బంతి ఆమె చేతికి బాగానే లొంగేది. చిక్కంతా కాళ్లతోనే. పొద్దున్నే లేచి ఊరి చివర బ్రిడ్జి దాకా వెళ్లి రావడం, పన్నెండు కిలోమీటర్లు, పెళ్లికి ముందు నుంచీ అలవాటు. గంట పరిగెత్తినా రొప్పదు. అయితే ఆ ఆటలో గంట పరుగు ఎవరిక్కావాలి? పది అడుగులు రివ్వున వెళ్లాలి, ఠక్కున ఆగాలి, తిరగాలి, మళ్లీ వెళ్లాలి. మీటరమ్మ కదిలి జోరందుకునేసరికి బంతి అవతలి బుట్టలో పడిపోయేది.

ఆ కాళ్లను దారికి తెచ్చే పని అత్తగారు నెత్తినేసుకుంది. ఆవిడ నూలుమిల్లు గేటు దగ్గర ముప్పై ఏళ్లు టైంకీపరు. నిమిషం ఆలస్యమైతే పుస్తకంలో ఎర్రగీత. కట్టుకున్న మొగుడికీ గీత వేసింది. ఆయన అలిగి మూడు రోజులు మాట్లాడకపోతే, నాలుగో రోజు ఆలస్యానికి ఇంకో గీత వేసింది. అలాంటావిడ ఆఫీసు జట్టు కోచ్‌ దగ్గరికెళ్లి అన్నీ అడిగి తెలుసుకుని, గోడ క్యాలెండరు నిండా రాసిపెట్టింది.

“వారానికి ఒక్కరోజే దూరం. రెండు రోజులు వేగం. వేగానికి ముందురోజు కాళ్లకు సెలవు,” అంది.

“ఒక్కరోజేనా అత్తయ్యా? ఊపిరి తగ్గిపోదూ?”

“నీ ఊపిరికేం ఢోకా లేదు. మొద్దుబారింది కాళ్లు. వాటి సంగతి చూడు.”

వెనక సందులో కోర్టు కొలతకు నాలుగు సుద్దగీతలు వెలిశాయి. మొదటి గీత ముట్టి వెనక్కి, రెండోది ముట్టి వెనక్కి, అలా నాలుగూ ముట్టి రావాలి. మొత్తం ముప్పై సెకన్లలో. నిమిషం ఆగి మళ్లీ. అత్తగారు పీట వేసుకుని కూర్చుని, మిల్లువాళ్లు సాగనంపుతూ ఇచ్చిన స్టాప్‌వాచీ నొక్కేది. ముప్పై నాలుగు సెకన్లు పట్టేది రెండు నెలలకు ఇరవై తొమ్మిదికి దిగింది. అత్తగారు మెచ్చుకోలేదు. గ్లాసుతో మంచినీళ్లు మాత్రం తనే తెచ్చి ఇచ్చింది.

ఎంపిక సోమవారం. ఆదివారం కాళ్లకు సెలవు. కానీ ఆ పొద్దున మీటరమ్మకు భయం పట్టుకుంది. రెండు నెలలుగా దూరం తగ్గించింది, తీరా రేపు ఊపిరి చాలకపోతే? కాసేపు కాళ్లు కదిపి వస్తే నష్టమేముందిలే అనుకుని, అత్తగారు లేవకముందే బయటపడింది. తీరా చూసుకుంటే బ్రిడ్జి మీద ఉంది. ఇంటికొచ్చి ఏమీ ఎరగనట్టు చీపురు పట్టుకుంది.

సోమవారం కోర్టులో నిలబడింది నలుగురు. కోచ్ షరతు సూటిగా చెప్పింది. “గీతల పరుగే పరీక్ష. ముప్పై సెకన్లు దాటితే తప్పు. మూడు తప్పులకు ఇంటికి. చివరికి మిగిలినవాళ్లకే చోటు. ఎన్నిసార్లని అడగొద్దు.”

కోచ్ కళ్లు గీతల మీద ఉండాలి, చేతులు తాకాయో లేదో చూడాలి. మరి టైము ఎవరు చూస్తారు? కంచె బయట నిలబడ్డ అత్తగారిని కోచే పిలిచి కూర్చోబెట్టింది. నలుగురిలో ఒకామె, “ఆవిడ కోడలూ పరిగెడుతోంది కదా,” అని గొణిగింది.

“మొగుడికే గీత వేసిన మనిషి,” అంది కోచ్.

విజిల్ పడింది. ఎన్నిసార్లో తెలియని పరుగు మీటరమ్మకు కొత్త. దూరాలు పరిగెత్తే మనిషి కదా, తెలియకుండానే కొంత దాచుకుంది.

“ముప్పై రెండు,” అంది అత్తగారు. రెండోసారి, “ముప్పై ఒకటి.”

రెండు తప్పులు. ఇక దాచుకోవడానికి లేదు. మూడోసారి ఉన్నదంతా ఊడ్చిపెట్టి పరిగెత్తింది. ఇరవై తొమ్మిది. నాలుగోసారీ ఇరవై తొమ్మిదే. ఆరోసారికి ఇద్దరు తప్పుకున్నారు. మిగిలింది ఆమె, పంతొమ్మిదేళ్ల పొడుగుపిల్ల. ఆ పిల్లకూ రెండు తప్పులున్నాయి. ఊపిరి అందక ఒగరుస్తోంది. మీటరమ్మకు ఊపిరి నిండుగా ఉంది, తొడలే ఇనపగుండ్లయ్యాయి. నిన్నటి బ్రిడ్జి నిన్ననే అయిపోలేదని ఆమెకు తెలుస్తూనే ఉంది. ఇంకొక్కసారి నెగ్గితే ఆ పిల్ల పడిపోతుంది, ఆ ఒక్కసారి చాలు.

ఎనిమిదో విజిల్. మూడు గీతల దాకా ఇద్దరూ పక్కపక్కనే. నాలుగో గీత దగ్గర వంగి తాకి లేవబోతే మోకాలు ఒక్క క్షణం మాట వినలేదు. పొడుగుపిల్ల గీత దాటి కుప్పకూలింది.

“ముప్పై,” అంది అత్తగారు.

మీటరమ్మ దాటింది. అత్తగారి నోరు తెరుచుకోలేదు. కోచ్ తల తిప్పి చూసింది.

“ముప్పై ఒకటి.”

గొంతు మిల్లు గేటు దగ్గర ఎలా ఉండేదో అలాగే ఉంది.

ఇద్దరూ బస్టాపు దాకా నడిచారు. మీటరమ్మకు అత్తగారి మీద కోపం కుతకుతలాడుతోంది, తన మీద అంతకు రెండింతలు. బెంచీ మీద కూర్చున్నాక ఇక ఆగలేకపోయింది.

“ఒక్క సెకను. ఆ ఒక్కసారీ కళ్లు మూసుకుంటే ఏం పోయేది అత్తయ్యా?”

అత్తగారు ఒళ్లో వాచీ వంకే చూస్తూ కూర్చుంది.

“మూసుకున్నానమ్మాయ్,” అంది చివరికి. “టిక్కుమన్నది చెవినపడింది.”

అంటూనే ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది. మామగారు పోయిన రోజున కూడా అందరి ముందూ కన్నీరు పెట్టని మనిషి. మీటరమ్మకు రేపు మళ్లీ మీటర్ల కోసం మెట్లెక్కాలన్న బెంగ అలాగే ఉంది, కోపమూ పూర్తిగా పోలేదు. బస్సు వస్తే అత్తగారి చెయ్యి పట్టుకుని ముందు ఆవిడను ఎక్కించింది.