పాప కూర్చునే చోట ఖాసిం మామ

మే నెల ఎండలో నిలిపిన కారు తలుపు తీయగానే కాగిన రబ్బరు వాసన గుప్పుమంటుంది. ఆ వాసన తగిలితే ఇప్పటికీ నా గుండె దడదడలాడుతుంది. నవ్వేవాళ్ళు నవ్వనీ. ఆ వాసనతో నాకు ముందు గుర్తొచ్చేది ఖాసిం మామ, ఆ వెంటనే ఆయన దగ్గు.

ఎర్రగుంట్ల దగ్గర పల్లెలో ఆయనది మా పక్కిల్లు. ముప్ఫై ఏళ్ళు నాపరాళ్ళకు పాలిష్ పట్టే పనిచేసి, ఊపిరితిత్తులు పాడయ్యాక పాత కార్లు విప్పి అమ్మే షెడ్డు పెట్టుకున్నాడు. మా పాపకు అప్పుడు ఆరేళ్ళు, ఆయాసం. వారం వారం కడపలో డాక్టరుకు చూపించాలి. దారి పొడవునా రాళ్ళ లారీలు, బూడిద లాంటి దుమ్ము. బస్సులో పాప పడే అవస్థ చూడలేక ఒక ముసలి కారు కొన్నాను. తీరా చూస్తే దాని కిటికీ రబ్బర్లు ఎండకు పెళుసెక్కి రాలిపోతున్నాయి. అద్దాలు మూసినా దుమ్మంతా లోపలే. ఒకరోజు దారి మధ్యలో పాప పెదవులు నీలంగా మారాయి. ఆ పూట ఆసుపత్రి దాకా కారు ఎలా నడిపానో నాకే తెలియదు.

ఆ మోడలుకు కొత్త రబ్బర్లు రావడం ఎప్పుడో ఆగిపోయింది. ఖాసిం మామ తన షెడ్డు నీడలో పడున్న అదే రకం కారు నుంచి రబ్బర్లు ఓపిగ్గా ఊడదీసి, సబ్బునీళ్ళతో కడిగి నా చేతికిచ్చాడు.

"బిడ్డ నీది. నువ్వే నేర్చుకో. ఇగ్గొద్దప్పా, బొటనవేలితో గాడిలోకి ఒత్తుకుంటా పో. సాగేట్టు ఇగ్గి పెడితే ఈ పొద్దు సరిపోతాది, ఎండకు మళ్ళా ముడుచుకుంటాది," అన్నాడు.

నేను తొందర మనిషిని. వెనక తలుపు రబ్బరుకు చిరిగిన కొస కోయబోయి, రెండు వేళ్ళంత ఎక్కువే కోసేశాను. చెప్పడానికి మొహం చెల్లక, సాగదీసి అతికించాను.

"మూలలు సరిపోయినాయా?" అని అడిగాడు.

"సరిపోయినాయి మామా."

మూడు రోజులు కారును ఎండలో ఉంచమన్నాడు. నాలుగో రోజు తెల్ల తువ్వాలు చింపి, తడిపి, ఆ పట్టీలను కిటికీల లోపలి అంచుల్లో దోపాడు. ఎక్కడ సందుంటే అక్కడ గుడ్డ మాస్తుంది. ఆ తర్వాత వెనక సీటులో, సరిగ్గా పాప కూర్చునే చోట, కూర్చున్నాడు.

"నువ్వెందుకు మామా? నీకసలే దగ్గు."

"దుమ్ము తిరిగినాక గుడ్డంతా మాసిపోతాది. మొదట యాడ మాసేదీ ఒకరు చూడల్ల గదా. రాళ్ళ లారీ ఎనకాలే పోనీ."

ఆయన ఆనుకున్నది నేను మోసం చేసిన తలుపునే. ఒక్క మాట చెబితే సరిపోయేది. చెప్పలేదు.

లారీ వెనక రెండు కిలోమీటర్లు పోయామో లేదో దగ్గు మొదలైంది. మొదట చిన్నగా, తర్వాత ఆగకుండా. అద్దంలో చూస్తే ఆయన కళ్ళు తేలేస్తున్నాడు. కాలు బ్రేకు మీదికి పోయింది.

"ఆపొద్దు! యాడ్నుంచి వస్తాందో చూడనీ!"

"నాకు తెలుసు మామా! ఆ తలుపే! నేనే పొట్టిగా కోసి ఇగ్గి పెట్టినా!" అని అరిచి కారు పక్కకు తీశాను.

ఆయన్ను దించి రాతి మీద కూర్చోబెట్టి వీపు నిమురుతూ ఉండిపోయాను. నా చేతుల్లోనే పోతాడనుకున్నాను. చాలాసేపటికి ఊపిరి ఆడింది. గుప్పిట్లో ఉన్న గుడ్డ విప్పి, మూలన పడిన బూడిదరంగు చార చూపించాడు.

"పాప ముక్కు ఉండేది సరిగ్గా ఈడనే. కోసిందానికి ఏం కాదప్పా, రబ్బరు ఇంకోటి ఉండాది. సరిపోయినాయి అన్నావు చూడు, దానికి భయపడల్ల."

ఆ సాయంత్రమే ఇంకో రబ్బరు వేశాం. ఆ వారం పాప కడప దాకా నిద్రపోయింది. అప్పటి నుంచి ఎవరేమడిగినా, కళ్ళారా చూడకుండా సరిపోయింది అనలేను. ఇంట్లోవాళ్ళు చాదస్తమంటారు.

రెండేళ్ళకు ఖాసిం మామ పోయాడు. ముప్ఫై ఏళ్ళు పీల్చిన దుమ్మే కారణమని డాక్టరు చెప్పాడు. అందులో నా రెండు కిలోమీటర్ల దుమ్ము ఎంతో నేను అడగలేదు. అడగాలంటే ఇప్పటికీ భయమే.