అరవై ఎనిమిది ఓమ్‌ల సాక్ష్యం

1969. అబిడ్స్‌లో ఒక రేడియో మరమ్మతు దుకాణం వెనక గదిలో టంకం పని నాది. ముందు గదిలోకి వెళ్లి మాట్లాడాలంటే గుండె దడ. చెప్పాల్సింది చీటీ మీద రాసి పంపేదాన్ని.

ఆ ఏడు నాంపల్లి నుంచి నరహరి మాస్టారు వచ్చారు. రిటైరైన లెక్కల టీచరు, లైసెన్సున్న హ్యామ్; అంటే సొంత ట్రాన్స్‌మిటర్‌తో దూరాల వాళ్లతో మాట్లాడే మనిషి. దానిలో సిగ్నల్‌ను ఏరియల్‌కు పంపే వాల్వులు రెండు వరసగా మాడిపోయాయి. మిగిలింది ఒక్కటే. ఏరియల్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు అది ఇచ్చే అడ్డు, సరిపడకపోతే అదీ పోతుంది. మళ్లీ వాల్వు దొరికేదాకా ఆయన మూగవాడే.

కొలిచే యంత్రం కొనే తాహతు మాకు లేదు. పత్రికలో పటం చూసి టీపొడి డబ్బాలో బ్రిడ్జి అనే కొలత పరికరం కట్టాను. ఒకవైపు ఏరియల్, మరోవైపు తిప్పే రెసిస్టర్. రెండూ సమానమైతే మీటరు ముల్లు సున్నాకు దిగాలి.

మాస్టారు డబ్బాను ఇంటికి తీసుకెళ్లి ఏరియల్‌కు తగిలిస్తే ముల్లు దిగలేదు. "ఏరియల్ తీగ పొడవైంది, రెండు కొసలా అడుగు చొప్పున కోయండి" అని చీటీ రాశాను. కోశారు. ముల్లు ఇంకా పైకి లేచింది. మళ్లీ చీటీ, మళ్లీ కోత. మూడోరోజు డబ్బా పట్టుకుని ఆయనే తెర జరిపి లోపలికొచ్చారు.

"ఏంది బిడ్డా, గిట్లనే కోసుకుంట పోతే ఆఖరికి మేకులే మిగుల్తయి!"

"ముల్లు అబద్ధం చెప్పదండీ," అన్నాను బల్లకేసి చూస్తూ.

"డబ్బా జెప్పొచ్చు గదా? నేనైతే పిల్లగాండ్లకు జవాబు తెల్సిన లెక్కనే ముందుగాల ఇస్తుంటి."

ఏరియల్ స్థానంలో విలువ తెలిసిన 68 ఓమ్‌ల కార్బన్ రెసిస్టర్ పెట్టాను. ఎంత తిప్పినా ముల్లు సున్నాకు రాలేదు. తప్పు తిప్పే రెసిస్టర్‌ది. మిలిటరీ పాతసామాన్ల కొట్లో దిట్టంగా ఉందని ఏరుకున్నాను. లోపల తీగ చుట్టలు. హ్యామ్ తరంగాలకు ఆ చుట్టే కాయిల్‌లా పనిచేసి తన అడ్డు కూడా కలుపుతుంది.

చీటీ కోసం చెయ్యి వెళ్లింది. ఆపుకున్నాను.

"తప్పు నాది సార్. మీ తీగను అనవసరంగా కోయించాను."

"ఫికర్ జెయ్యకు. ముక్కలు పారేస్తనా నేను? బిస్కెట్ల డబ్బాల పెట్టిన," అన్నారాయన నవ్వుతూ.

తిప్పే రెసిస్టర్ కూడా కార్బన్‌ది వేసి, తెలిసిన రెసిస్టర్లతో డయల్ మీద గీతలు పెట్టుకున్నాను. మర్నాడు ఆయన డాబా మీద ముక్కలన్నీ తిరిగి అతికించాం. డెబ్బై ఓమ్‌ల దగ్గర, అంటే ట్రాన్స్‌మిటర్‌కు సరిపడే చోటే, ముల్లు మెల్లగా సున్నాకు వాలింది. మిగిలిన ఆ ఒక్క వాల్వు పెట్టి మాస్టారు పిలిస్తే, విశాఖ నుంచి ఎవరో పలికారు.

ఆ 68 ఓమ్‌ల రెసిస్టర్ నా డైరీలో దారంతో కుట్టి ఉంది. ఏ మీటరు చేతికొచ్చినా ముందు దానితోనే పరీక్షిస్తాను. తప్పు నాదని తేలితే చీటీ రాయను. తెర జరిపి, ముందు గదిలోకి వెళ్లి చెబుతాను.