చింతపండుతో తోమిన వైకింగు గొడ్డలి

ఆ రోజుల్లో నాకూ ఒక మూఢనమ్మకం ఉండేది: నిజం చెప్పేస్తే చాలు, మిగతా పనులన్నీ అదే చక్కబెట్టుకుంటుందని. కనబడ్డ నమ్మకాన్నల్లా బోనెక్కించినవాణ్ణి, ఈ ఒక్కదాన్ని మాత్రం ఏనాడూ సాక్ష్యం అడగలేదు. గుంటూరులో చదువుకునేటప్పుడు మా హేతువాద సంఘంలో ఆదివారాలు చర్చలు జరిగేవి. గాల్లోంచి విభూది తీసే బాబాలనీ, వాస్తు పేరు చెప్పి వంటగదులు పడగొట్టించే సిద్ధాంతులనీ అక్కడ ఉతికి ఆరేసేవాళ్ళం (వాళ్ళెవరూ ఆ గదిలో ఉండేవాళ్ళు కాదు, అందుకే ఎప్పుడూ మేమే గెలిచేవాళ్ళం). "ఆధారం ఏది?" అని ఎవడైనా లేచి అడిగితే మా ఒంట్లో రోమాలు నిక్కబొడుచుకునేవి. ఇప్పుడు అదే ప్రశ్న అడగాలంటే ముందు కూర్చోడానికి కుర్చీ ఎక్కడుందా అని చూసుకుంటున్నాను. పొద్దున్నే ఫోను తెరిస్తే బంధువుల గ్రూపులో వరసగా అద్భుతాలు. ఒకదానికి జవాబు రాసేలోపు ఇంకో మూడు వచ్చి పడతాయి. అబద్ధానికి అలుపు లేదు. నాకుంది.

సరే, నాకు అలుపు లేని రోజుల సంగతి. సిడ్నీలో మాస్టర్స్ చదువుతూ హారిస్ పార్కు అనే పేటలో నలుగురు కుర్రాళ్ళతో కలిసి ఒక ఇంట్లో ఉండేవాణ్ణి. వాళ్ళంతా పెట్రోలు బంకుల్లోనూ గోడౌన్లలోనూ పార్ట్‌టైం చేస్తుంటే, నాకు ఏ జన్మ పుణ్యమో (అలవాటుగా వచ్చేసింది, కొట్టేయండి) పాత సామాన్ల వేలంశాలలో పని దొరికింది. యూరప్ కత్తులూ, యుద్ధపు గొడ్డళ్ళూ అక్కడి ప్రత్యేకత. వాటిని మోయడం, తూచడం, ఎప్పటివో ఎక్కడివో పోల్చడంలో యజమానికి సాయపడడం నా పని. ఆయన్ని మా ఇంట్లో అందరం కత్తుల తాత అనేవాళ్ళం. అమ్మకానికి తెచ్చినవాడు "ఇది మా ముత్తాత ముత్తాతది" అని కథ మొదలుపెట్టగానే తాత తన చెవి మిషను తీసి జేబులో వేసుకునేవాడు. "కథ అమ్మేవాడిది, కత్తి మనది. కత్తినే అడుగు" అనేవాడు. మా సంఘంలో ఇన్నేళ్ళూ గొంతులు చించుకుని చెప్పింది ఇదే కదా! అసలైన పాత యుద్ధపు కత్తి మనం ఊహించినంత బరువుండదు, మోసేవాడు పొద్దంతా తిప్పాలి గదా. పిడి దగ్గర మందంగా ఉన్న రేకు మొన వైపు పోయేకొద్దీ పలచబడుతుంది. పిడి చివర గుండులోంచి రేకుకి కొనసాగింపైన ఇనప ఊచ బయటికొచ్చి సుత్తి దెబ్బతో అణిగి ఉంటుంది. అక్కడ నట్టు కనబడిందా, ఆ వీరుడు మన కాలంవాడే. ఇక గొడ్డలికి తుప్పే జాతకం (ఇదీ కొట్టేయండి). పాత తుప్పు ఇనుమును లోపలికంటా తిని గుంటలు చేస్తుంది. దొంగ తుప్పు పైపైన పౌడరులా కూర్చుంటుంది.

మా యూనివర్సిటీలోనే చదివే ఒకమ్మాయీ నేనూ పెళ్ళి చేసుకుందామని అప్పటికే అనుకున్నాం. ఇక్కడే పుట్టిన పిల్ల. నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో చెప్పేది. మిగిలింది వాళ్ళ నాన్న ఒప్పుకోవడం. ఆయన ఈ దేశంలో చాలా ఏళ్ళుగా పేరున్న మత్తు డాక్టరు, తెనాలి వైపు మనిషి. ఆయనకున్న ఒకే ఒక వ్యసనం హాల్లో గోడకు తగిలించిన యూరప్ ఆయుధాలు. ఆ గోడను మెచ్చుకోనివాణ్ణి ఆయన మనిషిగా లెక్కవేయరని ప్రతీతి. మహర్నవమి రోజు నన్ను భోజనానికి పిలిచారు. అంటే పెళ్ళిచూపులే, కాకపోతే చూపించుకునేది నేను.

వాళ్ళింటి గేటు దగ్గర నా భావి భార్య నన్ను ఆపి వేలు చూపించింది. "లిసన్. డాడ్ సోర్డ్స్ చూపిస్తాడు. నువ్వు 'వావ్ అంకుల్' అను. దట్స్ ఇట్. నో లెక్చర్స్. ప్రామిస్?"

"అవి నకిలీవైతే?"

"దెన్ సే వావ్ స్లోలీ."

మాటిచ్చాను. ప్రేమలో ఉన్నవాడు ఏ ప్రమాణమైనా చేస్తాడు.

పక్క సందులోంచి పెరట్లోకి వెళితే ఆంటీ నిమ్మచెట్టు కింద ఉన్నారు. ఆయుధపూజ కదా, కారు టైర్ల కింద పెట్టడానికి నిమ్మకాయలు కావాలి. ఒక పొడుగాటి వంకీ కత్తితో కొమ్మను కిందికి లాగుతున్నారు. "రా బాబూ, పొడుగ్గా ఉన్నావు, ఆ పైనున్నవి కాస్త అందుకో" అని కత్తి నా చేతిలో పెట్టారు. పట్టుకోగానే నా మణికట్టుకి అనుమానం వచ్చింది. తేలిగ్గా, బుద్ధిగా చేతిలో ఒదిగిపోయింది. పిడి దగ్గర రేకు మీద చిన్న చిన్న తనిఖీ ముద్రలు, వీపు మీద సగం అరిగిన తయారీదారు పేరు. ఎవడో బ్రిటిష్ అశ్వదళం సిపాయి నడుముకు కట్టుకున్నది, నూట యాభై ఏళ్ళకు తక్కువ కాదు. "ఆంటీ, ఇదెక్కడిది?" అన్నాను గొంతు తగ్గించి. "ఎవరింట్లోనో పాత సామాన్ల గరాజ్ సేల్లో బార్బెక్యూ పొయ్యి కొంటే దాంతోపాటు ఊరికే ఇచ్చారయ్యా. అంకుల్‌కి నచ్చలేదు, మరీ కొత్తదట. నాకు మాత్రం ఇది లేకపోతే చేతులు విరిగినట్టే" అన్నారు.

ఇచ్చిన మాట గుర్తొచ్చి నోరు మూసుకుని నిమ్మకాయలు కోసిచ్చాను.

హాల్లో డాక్టరుగారు పట్టుపంచెలో ఎదురుచూస్తున్నారు. "రావోయ్! ఇదిగో, క్రూసేడ్లకి వెళ్ళిన వీరుడి ఖడ్గం. పన్నెండో శతాబ్దం. పట్టుకో, భయపడకు." పట్టుకున్నాను. గునపం నయం. పిడి చివర ఇత్తడి టోపీ కింద ఆరు మూలల నట్టు సిగ్గుపడుతూ తొంగిచూస్తోంది. "వావ్ అంకుల్" అన్నాను నెమ్మదిగా. నా వెనక నిలబడ్డ పిల్ల ఊపిరి పీల్చుకోవడం వినిపించింది. "సర్టిఫికెట్ కూడా ఉందోయ్" అన్నారాయన. అమ్మినవాడే ఇచ్చిన సర్టిఫికెట్! బాబా తన మహిమకు తానే సంతకం పెట్టినట్టు. అయినా "వావ్" అన్నాను. ఆ రోజు నేను చూపించిన సహనం మా సంఘంవాళ్ళు చూసి ఉంటే నన్ను సభ్యత్వంలోంచి తీసేసేవాళ్ళు.

"ఇక అసలుది చూద్దువుగాని. వైకింగు గొడ్డలి! వెయ్యేళ్ళనాటి ఓడదొంగలది, సముద్రంలో దొరికింది!" అని ఆయన గోడ చివరికి వెళ్ళి ఆగిపోయారు. కొక్కెం ఖాళీగా ఉంది. "ఏమేవ్! గొడ్డలేదీ?"

"మీరే గదండీ రాత్రి అన్నారు, గోడమీదవి కూడా పూజలో పెట్టమని" అంటూ ఆంటీ వంటింట్లోంచి పళ్ళెం తెచ్చారు. పళ్ళెంలో పసుపు, కుంకుమ, మధ్యలో గొడ్డలి. తళతళా మెరుస్తోంది. అందులో నా మొహం కనిపించింది, దువ్వుకోవాల్సిన జుట్టుతో సహా.

"ఏం చేశావే దీన్ని?"

"ఏం చేస్తాను, మురికిగా ఉంటే కుందులతోపాటు చింతపండేసి తోమాను. ఒక్క రుద్దుకే వదిలింది పాపం."

డాక్టరుగారు సోఫాలో కూలబడ్డారు. "వెయ్యేళ్ళ తుప్పే అది! వెయ్యేళ్ళు సముద్రంలో ఉన్నా పోనిది నీ చింతపండుకి పోయిందే! చరిత్రని పులుసు పెట్టేశావు గదే!" మ్యూజియంవాళ్ళు పాత ఇనుమును తడిగుడ్డతో కూడా తుడవరని, ఇంట్లో విలువైనదేదీ ఈమె కంట పడకూడదని, ముప్ఫయ్యేళ్ళుగా ఇదే వరసని ఆయన మొదలుపెట్టారు. ఆంటీ పళ్ళెం బల్లమీద పెట్టి కొంగుతో చేతులు తుడుచుకున్నారు, తుడుచుకుంటూనే ఉన్నారు. కళ్ళు నిండుతున్నాయి. పెళ్ళిమాట ఆ గదిలోంచి ఎప్పుడో లేచి వెళ్ళిపోయింది.

నా భావి భార్య నావైపు చూసి తల అడ్డంగా ఊపింది. డోంట్, అని ఆ తల అర్థం. కానీ తప్పు చేయని మనిషిని తప్పుపడుతున్నారు, ఆధారం పళ్ళెంలోనే ఉంది. లేచి నిలబడ్డాను.

"అంకుల్, ఆంటీ తప్పేం లేదు. ఇది వెయ్యేళ్ళ తుప్పు కాదు. అసలైన తుప్పయితే చింతపండు కాదు గదా, గోంగూర పెట్టి రుద్దినా కింద గుంటలు మిగులుతాయి. చూడండి, అద్దంలా ఉంది. ఇవిగో గ్రైండింగు చక్రం గీతలు. ఉప్పునీళ్ళలోనో యాసిడ్‌లోనో ముంచి తుప్పు పట్టించారు. పైగా ఈ కర్ర! వెయ్యేళ్ళ కర్రకి వార్నిషెక్కడిది?"

అక్కడితో కూర్చోవాల్సింది. కానీ గుంటూరు సభలో ఒకసారి లేచినవాడు గంట కొట్టేదాకా కూర్చోడు. క్రూసేడు వీరుడి నట్టు విప్పాను. సర్టిఫికెట్‌ని ఖండించాను. "ఆపరేషనుకి ముందు మీరు రోగి రక్తం పరీక్ష చేయిస్తారా, లేక వాళ్ళ మేనమామ రాసిచ్చిన ఉత్తరం చూసి మత్తిస్తారా?" అని అడిగాను. చివర్లో "కాబట్టి అధ్యక్షా" అని కూడా అన్నాననీ, అంటూ పూజగదివైపు తిరిగాననీ మా ఆవిడ ఇప్పటికీ చెబుతుంది. నాకు గుర్తులేదు.

పిల్ల తల పట్టుకుంది. "యూ హ్యాడ్ టు సే వన్ వర్డ్" అంది, "వన్!"

డాక్టరుగారు గోడవంకే చూస్తున్నారు. రోగి లేస్తాడో లేదో అన్నట్టున్న గొంతుతో అడిగారు. "అయితే ఈ ఇంట్లో నిజమైనది ఒక్కటీ లేదా?"

"ఉందంకుల్. నిమ్మచెట్టుకి ఆనించి ఉంది."

ఆయన పంచె ఎగ్గట్టి పెరట్లోకి వెళ్ళారు. కత్తి తెచ్చి, పంచె కొసతోనే తుడిచి, కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. "చూపించు, ఏదీ ముద్ర?" చూపించాను. వేలితో తడిమారు. నిమ్మ ఆకు ఒకటి పిడిలో ఇరుక్కుని ఉంటే మెల్లిగా తీశారు. అప్పుడు ఆంటీ నోరు విప్పారు.

"కత్తి సంగతి తర్వాత. ముందు నా సంగతి తేల్చండి. నా చింతపండు తప్పు చేసిందా, లేదా?"

"లేదులేవే."

"అయితే ఈ అబ్బాయికి పిల్లనివ్వడానికి నాకే అభ్యంతరం లేదు. మీరు అరుస్తుంటే నా పక్కన నిలబడ్డవాడు ఇతనొక్కడే."

"నా గోడంతా బోసి చేశాడే!"

"గోడకేం, క్యాలెండర్ తగిలిద్దాం."

డాక్టరుగారు నన్ను ఎగాదిగా చూశారు. "పూజలో కూర్చుంటావా మరి?" అన్నారు. కూర్చోనన్నాను. "నిలబడతావా?" అన్నారు. నిలబడ్డాను. హారతి పళ్ళెం కూడా పట్టుకున్నాను (పళ్ళేనికి నా అభిప్రాయాలు తెలియవు). నిమ్మచెట్టు కత్తికి ఆయన తన చేత్తో బొట్టు పెట్టారు.

ఇప్పుడు మా ఇల్లు సిడ్నీ శివార్లలో, ఎడ్మండ్‌సన్ పార్కులో. కత్తుల తాత లేడు, వేలంశాల లేదు. మామయ్యగారు రిటైరయ్యారు. అశ్వదళం కత్తి కొన్నాళ్ళు గోడమీద గౌరవంగా వేలాడింది. దాని బదులు నిమ్మచెట్టుకి క్రూసేడు ఖడ్గం ఇస్తే, "ఎత్తలేక చస్తున్నాను, నా కత్తి నాకిచ్చేయండి" అని అత్తయ్యగారు గొడవపెట్టి మళ్ళీ పెరట్లోకి తీసుకుపోయారు. క్రూసేడు వీరుడు గోడెక్కాడు. వచ్చినవాళ్ళకి మామయ్యగారు పన్నెండో శతాబ్దం అనే చెబుతారు, చెబుతూ ఓరకంట నన్ను చూస్తారు. నేను పప్పు వడ్డించుకుంటూ ఉంటాను.

మొన్న దసరాకి ఆయన నన్ను గరాజులోకి రమ్మని సైగ చేశారు. కారు డిక్కీలోంచి తువ్వాల్లో చుట్టిన గొడ్డలి తీశారు. "ఆన్‌లైన్లో కొన్నాను అల్లుడూ. జర్మనీదట. పదిహేనో శతాబ్దమట. నువ్వొకసారి చూసి చెప్పు." ఆ కళ్ళలో ఆశ చూస్తే బాధేసింది. వెలుతురుకి తిప్పాను. కర్ర దూర్చే కంత లోపల అచ్చుపోసిన గీత (ఆ కాలంవి సుత్తితో సాగగొట్టి చేసేవాళ్ళు). పైన తుప్పు, పిండి జల్లించినట్టు సమానంగా. వేలు తాకిస్తే వేలికంటింది.

నాకు చాలా అలసటగా అనిపించింది. గొడ్డల్ని మళ్ళీ తువ్వాల్లో చుట్టి ఆయన చేతికిచ్చాను.

"మామయ్యగారూ, దీన్ని అత్తయ్యగారి కంట మాత్రం పడనివ్వకండి."

ఆయన నన్ను చూశారు, గొడ్డల్ని చూశారు. తర్వాత భుజాలు కదిలిపోయేలా, శబ్దం రాకుండా నవ్వడం మొదలుపెట్టారు. నవ్వుతూనే దాన్ని పై అరలో పెయింటు డబ్బాల వెనక దాచారు. ఇద్దరం వచ్చి భోజనాలకి కూర్చున్నాం. నా లోపల ఎక్కడో ఒక గుంటూరు కుర్రాడు అధ్యక్షా అంటూ లేచి నిలబడే ఉన్నాడు. కూర్చో నాయనా, చెప్పాల్సింది చెప్పేశాంలే, అన్నాను వాడితో.