వేలు తీస్తే వస్తుంది

మా వదిన ఏం పని చేస్తుందని ఎవరైనా అడిగితే మా ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో జవాబు చెబుతాం. అన్నయ్య ఛాతీ పొంగించి "ఆర్టిస్టు" అంటాడు. అమ్మ "కంప్యూటర్లో ఏదో" అంటుంది. ఆ "ఏదో" దగ్గర చెయ్యి గాల్లో ఓసారి తిప్పి వదిలేస్తుంది. నేను మాత్రం "చుక్కలు కదిలిస్తుంది" అంటాను. ఉన్నవాటిలో నిజానికి దగ్గరగా ఉన్నది నా జవాబే. దాన్నే ఎవరూ నమ్మరు.

ఆవిడ చేసేది నిజంగా అదే. తెర మీద కొన్ని చుక్కలు, కొన్ని గీతలు, బుద్ధి పుడితే రంగు మరకలు. వాటికి ముక్కూ మొహం ఉండవు. మనం వేలు పెడితే దగ్గరికొస్తాయి, లేదా బెదిరి పక్కకు పోతాయి, లేదా మనమెవరో తెలియనట్టు వాటి దారిన అవి పోతాయి. ఎప్పుడు ఏది చెయ్యాలో వదిన ప్రోగ్రాం రాసి వాటికి చెబుతుంది. ఆవిడ కాలేజీలో చదివింది అకౌంట్స్. ఈ విద్య ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. నచ్చిన వెబ్ పేజీ కనిపిస్తే చాలు, దాని లోపల రాసిందంతా తెరిచి, ముక్కలు ముక్కలుగా విప్పి చూసేది. విప్పినవాటిని మళ్ళీ బిగించడం కూడా వచ్చేసరికి, వెబ్‌సైట్లు చేసిపెట్టే ఓ కంపెనీలో ఉద్యోగం దొరికింది.

ఇంట్లో ఆవిడ బల్ల ఫ్రిజ్‌కీ బాత్రూం తలుపుకీ మధ్య ఇరుకులో ఉంటుంది. ఎవరికి దాహమేసినా, ఎవరికి అర్జెంటైనా ఆవిడ కుర్చీ జరగాల్సిందే. ఆవిడ ఊరికే జరగదు. "ఇటు చూడు, ఇది కాస్త బద్ధకంగా తిరుగుతోందా?" అని పట్టుకుంటుంది. బాత్రూంకి పరుగెత్తే మనిషిని ఆపి అడిగే ప్రశ్నేనా అది? "బద్ధకమంటే అలాంటిలాంటి బద్ధకం కాదు వదినా" అని చెప్పి తప్పించుకుంటే ఆవిడ మొహం వెలిగిపోతుంది. బద్ధకమే కావాలట! ఆ బద్ధకం కోసం పొద్దుటినుంచీ చెమటోడుస్తోందట.

ఇక ఆవిడతో వంటింట్లో వేగడం అమ్మ వంతు. సింకులో నీళ్ళు సుడి తిరిగి పోతుంటే వదిన చూస్తూ నిలబడుతుంది, కుళాయి కట్టదు. పాలు పొంగుతుంటే గిన్నె మీదికి వంగి మరీ చూస్తుంది.

"అమ్మాయ్, పాలు!" అని అమ్మ హాల్లోంచి కేకేస్తుంది.

"చూస్తున్నానత్తయ్యా."

"చూడమని కాదే తల్లీ, పొయ్యి కట్టెయ్యమని!"

మా అమ్మ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా పనిచేసి రిటైరైంది. చెవికి గొట్టం తగిలించుకుని ఎవరి గొంతుని ఎవరికో కలిపిన మనిషి. దేనికైనా ఇవతల ఒకరు, అవతల ఒకరు ఉండాలి ఆవిడకి. ఎవరూ లేని చోట చుక్కలు తిరుగుతుంటే ఒప్పుకోదు. వదిన కొత్తది చేసినప్పుడల్లా కళ్ళజోడు పెట్టుకుని వచ్చి, వెనక నిలబడి, ఒకటే అడిగేది.

"ఇంతకీ ఇదేంటి?"

"ఏదీ కాదత్తయ్యా. ఊరికే కదలిక."

"కదలికేంటే? కదిలేది ఏదో ఒకటి ఉండాలిగా! పిట్టో, చెట్టో, చివరికి దోమో."

"అలా ఏదో ఒకటి అయితే చూసి పేరు చెప్పేసి వెళ్ళిపోతారు కదత్తయ్యా. ఇలా అయితే కాసేపు నిలబడతారు."

"నాకు కాళ్ళనొప్పులు. నిలబడను" అనేసి అమ్మ వెళ్ళిపోయేది. కొన్నేళ్ళుగా ఇదే తంతు. ఇద్దరికీ కోపం లేదు, ఇద్దరూ తగ్గరు.

ఇలా ఉండగా వదిన కంపెనీకి ఓ ల్యాబు వెబ్‌సైటు పని వచ్చింది. రక్తం, మూత్రం, శరీరంలోంచి తీసిన ముక్కలు, అన్నీ పరీక్ష చేసే ల్యాబు. రిపోర్టు తయారయ్యాక మన ఫోనుకి మెసేజి వస్తుంది. అది నొక్కితే రిపోర్టు తెరుచుకోడానికి కాసేపు పడుతుంది. ఆ కాసేపూ తెర మీద కనపడాల్సిన బొమ్మ వదిన చెయ్యాలి. అందరికీ తెలిసిన బొమ్మే అది, గుండ్రంగా తిరుగుతూ ఉండే చక్రం. ఆ చక్రాన్ని చూస్తే వదినకి ఒళ్ళు మంట. "మనుషులు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చూస్తుంటే, వాళ్ళ మొహాన గానుగెద్దుని తిప్పుతారా?" అని కుర్చీలోంచి లేచి మరీ అరిచింది. అప్పుడు మాత్రం బాత్రూంకి దారి దొరికింది.

చక్రం తీసేసి తన చుక్కల్ని పెట్టింది. లేత నీలం చుక్కలు తెరంతా తేలుతుంటాయి. వేలు ఆనిస్తే మెల్లగా వచ్చి వేలి చుట్టూ వలయాలు కట్టి, ఊపిరి పీల్చి వదిలినట్టు పెద్దవై చిన్నవవుతాయి. వేలు తీస్తే పక్కలకి విచ్చుకుంటాయి, ఆ మధ్యలోంచి రిపోర్టు వస్తుంది. చూడ్డానికి బాగానే ఉంటుంది, నా నోటితో నేను చెప్పకూడదు గానీ.

అన్నయ్య కనబడినవాళ్ళందరికీ చెప్పుకున్నాడు. "మా ఆవిడ బొమ్మ ఊళ్ళో జబ్బు పడ్డ ప్రతివాళ్ళూ చూస్తున్నారు" అని. ఇది గొప్పగా చెప్పుకోవాల్సిన సంగతేనా? నేనూ ఊరుకోలేదు. "వదినా, నీ బొమ్మ కనపడిందంటే పని ఇంకా అవలేదని అర్థం. ఇంతమంది తిట్టుకుంటూ చూసే ఆర్టిస్టు ప్రపంచంలో నువ్వొక్కదానివే" అన్నాను. ఆవిడ పడీ పడీ నవ్వింది. ఆవిడని ఏడిపించడం చాలా కష్టం.

ఏడిపించే పని ల్యాబు వాళ్ళు చేశారు. మెసేజి వచ్చింది కానీ రిపోర్టు తెరుచుకోవడం లేదని జనం ఫోన్లు చేస్తున్నారట. అందరికీ కాదు, కొందరికే. వదిన పైఅధికారిని మేం తొందర సారు అంటాం. ఆయన కుర్చీలో కూర్చుని ఎవరూ చూడలేదు, కూర్చోబోతుండగా మాత్రం చూశారు. ఆయన వదిన మీద విరుచుకుపడ్డాడు. వదిన ప్రోగ్రాం అంతా జల్లెడ పట్టింది. తప్పు దొరికింది, తనదే.

వేలు తీశాక చుక్కలు విచ్చుకోవాలి, అవి విచ్చుకున్నాక రిపోర్టు రావాలి, ఇదీ ఆవిడ రాసిన వరస. మరి అసలు వేలు తియ్యకపోతే? ఆ సంగతి రాయలేదు. రిపోర్టు వచ్చి లోపల కూర్చున్నా, వేలు తెర మీదున్నంతసేపూ బయటికి రాదు. ఆఫీసులో పరీక్షించినవాళ్ళందరూ వేలు పెట్టారు, తీశారు. ఎవరికి మాత్రం అంత తీరిక? వేలు పెట్టి తియ్యకుండా కూర్చునే మనిషి ఉంటాడని వాళ్ళెవరికీ తట్టలేదు.

నాకు వింత అనిపించలేదు. నేను డ్రైవింగ్ స్కూల్లో నేర్పుతాను. బ్రేకు మీద కాలు పెట్టి, బండి చెడిపోయిందండీ అనేవాళ్ళని రోజూ చూస్తాను.

సోమవారం పొద్దునకల్లా తప్పు సరిచెయ్యాలి, లేదా చుక్కలు తీసేసి మామూలు చక్రం పెట్టాలి అని తొందర సారు తేల్చి చెప్పాడు. సరిచెయ్యడం పెద్ద పనేం కాదు. రిపోర్టు రాగానే, వేలున్నా లేకపోయినా తెరిచెయ్యమని రాస్తే సరి. వదిన శనివారమే రాసేసింది. కానీ మొహం ముడుచుకునే ఉంది. "చెయ్యి పట్టుకుని కూర్చున్న మనిషి మాట మధ్యలో లేచిపోయినట్టుంది" అంది. సోమవారం ఆఫీసుకి పట్టుకెళ్ళి ఇచ్చేద్దామని పక్కన పెట్టింది.

ఆ రోజుల్లోనే ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. అమ్మకి మెడ పక్కన గడ్డ కనపడింది. "కొవ్వు గడ్డ" అని ఆవిడే నిర్ణయించేసి, ఎవరికీ చెప్పకుండా చాలాకాలం కొంగు కప్పుకుని తిరిగింది. తెలిశాక అందరం కలిసి తిట్టి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళాం. ఆయన సూదితో కాస్త ముక్క తీసి పరీక్షకి పంపాడు. సరిగ్గా ఆ ల్యాబుకే పంపాడు.

ఆదివారం పొద్దున్న టిఫిన్ గిన్నెలు ఇంకా సింకులోనే ఉన్నాయి. అమ్మ ఫోను కూత పెట్టింది. మీ రిపోర్టు సిద్ధం, ఇక్కడ నొక్కండి అని. అన్నయ్య చెయ్యి చాచాడు.

"నా గడ్డ, నా ఫోను" అని అమ్మ చెయ్యి వెనక్కి తీసుకుంది. కళ్ళజోడు పెట్టుకుని, నొక్కింది. చుక్కలొచ్చాయి. అమ్మ చూపుడువేలు వాటి మీద ఆనించింది. అవి మెల్లగా వచ్చి వేలి చుట్టూ చేరాయి.

అమ్మ వేలు తియ్యలేదు.

"నెట్ సరిగ్గా లేనట్టుంది" అని అన్నయ్య వైఫై డబ్బా వైపు పరుగెత్తాడు. ఈయనకి ఏ కష్టమొచ్చినా ఆ డబ్బా ఆపి మళ్ళీ వేస్తాడు.

"దాన్ని ముట్టుకోకండి" అంది వదిన. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఆవిడకి తెలుసు, రిపోర్టు వచ్చేసి లోపల కూర్చుని ఉందని. వేలు తియ్యమని చెప్పబోయి నోరు తెరిచింది, మూసేసింది. అది నేను చూశాను.

నేను అమ్మ మోచెయ్యి పట్టుకున్నాను. "అమ్మా, నీకు పుణ్యముంటుంది, వేలు తియ్యి. నాకు గుండె ఆగిపోయేలా ఉంది."

"గడ్డ నాది. నీ గుండె సంగతి నువ్వు చూసుకో" అంది అమ్మ, తెర మీంచి కళ్ళు తిప్పకుండా. తర్వాత వదిన వైపు తిరక్కుండానే అడిగింది. "అమ్మాయ్, వచ్చేసిందా అది?"

"వచ్చేసే ఉంటుందత్తయ్యా. మీ వేలు తీస్తే తెరుచుకుంటుంది. అది నా తప్పే, రేపు సరిచేస్తున్నాను."

"ఓహో" అంది అమ్మ. చుక్కలు పెద్దవవుతున్నాయి, చిన్నవవుతున్నాయి. "మా ఎక్స్ఛేంజిలో దూరాన్నుంచి ఎవరికైనా కాల్ వస్తే టక్కున కలిపేసేవాళ్ళం కాదే. మీకు ఫోనొచ్చింది, కలపమంటారా అని అడిగేవాళ్ళం. ఆ రోజుల్లో దూరాన్నుంచి ఫోనంటే ఏముంటుంది, ఎవరో పోయారనేగా! కొంతమంది, ఒక్క నిమిషమమ్మా అనేవాళ్ళు. ఏం చేసేవాళ్ళో నాకేం తెలుసు, కూర్చునేవాళ్ళేమో. నేను లైన్లోనే ఉండేదాన్ని. ఆ నిమిషం నేనెప్పుడూ బిల్లు లెక్కలో వెయ్యలేదు."

ఇదేంటి, పిట్టా చెట్టా అని అమ్మ అడగలేదు. కాసేపయ్యాక గొంతు సవరించుకుంది. రిటైరైన రోజునుంచీ మేం వినని ఆ ఆపరేటరు గొంతుతో, "కలుపుతున్నాను, మాట్లాడండి" అని వేలు తీసింది.

చుక్కలు విచ్చుకున్నాయి. రిపోర్టు వచ్చింది. అది కొవ్వు గడ్డ కాదు.

నాకు ఏడుపొచ్చేసింది. అన్నయ్యకి నాకంటే ముందే వచ్చింది. అమ్మ మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, "ఎవరైనా కాఫీ పెడతారా, వరసలో నిలబడి ఏడుస్తారా?" అంది. వదిన వెళ్ళి పొయ్యి మీద పాలు పెట్టింది. ఆ రోజు పాలు పొంగకముందే కట్టేసింది.

సోమవారం ఆవిడ సరిచేసినదాన్ని పట్టుకెళ్ళలేదు, చెరిపేసింది. ఆఫీసులో ఏం జరిగిందో ఆవిడ చెప్పగా విన్నాను. "ఇంకా ఆ తప్పు అలాగే ఉందేంటి?" అని తొందర సారు అరిచాడట.

"అవును సార్, తప్పే. ఉంచేద్దాం" అందట ఈవిడ.

"జనం ఫోన్లు చేస్తున్నారమ్మా!"

"వాళ్ళకి తెలీక చేస్తున్నారు. తెలిసేలా కింద ఓ మాట రాస్తాను. వద్దంటే చక్రం మీరే పెట్టుకోండి. నా చేత్తో నేను పెట్టను."

పాలు పొంగినా కంగారు పడని మనిషి, పైఅధికారికి ఎదురు చెప్పింది! ఉద్యోగం పోతే ఏం చెయ్యాలో కూడా ఆలోచించుకునే వెళ్ళిందట. ఆ ప్రోగ్రాం లోపలికి వెళ్ళి క్షేమంగా బయటికి రాగలిగేది ఆ ఆఫీసులో ఈవిడొక్కతే. కొత్తవాళ్ళని వెతికే ఓపిక తొందర సారుకి ఎక్కడిది? సరే రాసి చూడు, ఫోన్లు తగ్గకపోతే మాత్రం చక్రమే అని ఇంకో గదిలోకి పరుగెత్తాడు.

ఆ ఒక్క మాట రాయడానికి ఆవిడ నానా తంటాలు పడింది. "దయచేసి మీ వేలిని తొలగించగలరు" అని రాసి అమ్మకి చూపించింది. అమ్మ మండిపడింది. "ఎవరితో మాట్లాడుతున్నావే, గోడతోనా? తొలగించడమేంటి, వేలేమైనా చెత్తా? రాసుకో, నేను చెబుతా" అని రెండు ముక్కలు చెప్పింది. వదిన అక్షరం పొల్లు పోకుండా రాసుకుంది.

ఫోన్లు తగ్గాయి. అమ్మకి ఆపరేషన్ అయింది, తర్వాత మందులు ఎక్కించారు. జుట్టు ఊడింది, నోరు మాత్రం చెక్కుచెదరలేదు. ఇప్పటికీ పరీక్షలకి నా బండి మీదే తీసుకెళ్తుంటాను. బ్రేకులెక్కువ వేస్తున్నానని దారంతా నాకే పాఠం చెబుతుంది.

మొన్న ఆస్పత్రిలో మా వంతు కోసం కూర్చున్నాం. పక్క కుర్చీలో పెద్దాయనొకాయన ఫోను పట్టుకుని ఉన్నాడు. వేలు తెర మీద ఉంది, వేలి చుట్టూ లేత నీలం చుక్కలు.

"ఇది రావట్లేదండీ" అన్నాడు అమ్మతో.

"వచ్చింది. కింద రాసుంది, చదవండి" అంది అమ్మ.

ఆయన కళ్ళు చికిలించి, పైకే చదివాడు. "మీ రిపోర్టు వచ్చింది. తొందరేం లేదు, మీరు వేలు తీసినప్పుడు కలుపుతాను." చదివాక కూడా వేలు తియ్యలేదు. చాలాసేపు ఆ చుక్కల్ని చూసి, "ఇంతకీ ఇదేంటండీ, పువ్వా?" అని అడిగాడు.

"ఏదో ఒకటి అయితీరాలా మీకు? చూస్తూ ఉండండి" అని కసిరింది అమ్మ. కుర్చీ మాత్రం కాస్త ఆయన వైపు జరుపుకుంది.

అంతలో లోపలినుంచి నర్సు అమ్మ పేరు పిలిచింది. అమ్మ లేవలేదు. రెండోసారి ఇంకా గట్టిగా పిలిచింది. నేను అమ్మ భుజం తట్టాను. ఆయన వేలు ఇంకా తెర మీదే ఉంది. అమ్మ ఆ వేలి మీంచి చూపు తిప్పకుండానే నాతో అంది:

"లైన్లో ఉండమను."