మా మేడంగారు మోసిన నింద

మా బయాలజీ మేడంగారు పోయారు. గత నెలలో ఒక ఉదయం, తాడేపల్లిగూడెంలో తన ఇంట్లోనే గుండె ఆగిపోయింది. దెందులూరు దగ్గర బడిలో ఇప్పుడు నేనూ ఆవిడ చెప్పిన పాఠమే చెబుతున్నాను. అందుకే ఈ నాలుగు మాటలు.

ఆవిడ పుట్టిల్లు కొల్లేటికోట. కణంలోని భాగాలు చెప్పేటప్పుడు బోర్డు మీద పెద్ద గుండ్రం గీసి, మధ్యలో కేంద్రకం పెట్టి, చుట్టూ చిక్కుడు గింజల్లా మైటోకాండ్రియాలు వేసేవారు. గీత వంకరపోతే తుడిచి మళ్లీ గీసేవారు. లైసోజోముల దగ్గరికి వచ్చేసరికి మాత్రం గొంతు తగ్గేది. పుస్తకంలో వాటిని ఆత్మహత్యా సంచులన్నారు. ఆ మాట మా చేత పలకనిచ్చేవారు కాదు.

“అవి కణంలో పాడైనవాటిని అరిగిస్తాయి. ఆ పని ఆగితే ఏమవుతుంది?” అని ఒకసారి అడిగారు. మేం పుస్తకాలు తిరగేస్తున్నాం. “పోనీ, ఉప్పుటేరు పూడిపోతే కొల్లేరు ఏమవుతుంది?”

“నీళ్లు సముద్రంలోకి పోవండీ. ఊళ్లు మునుగుతాయండీ,” అన్నాను.

“కణమూ అంతేనమ్మా,” అని బోర్డువైపు తిరిగారు. చాలాసేపు మళ్లీ ఇటు తిరగలేదు.

పదో తరగతిలో రికార్డు పుస్తకాలు ఇవ్వడానికి వాళ్లింటికి వెళ్లాను. ముందుగదిలో మంచం మీద మేడంగారి ఏడేళ్ల పాప. నడక వచ్చి పోయింది, మాట వచ్చి పోయింది. లైసోజోముల్లో ఒక ఎంజైము లేక, అరగాల్సింది అరగక కణాల్లో పేరుకుపోయే జబ్బు. మందు లేదు. మేడంగారి భర్తది బట్టల కొట్టు. ఆయన పాపను ఒళ్లో పడుకోబెట్టుకుని చెంచాతో గంజి పడుతున్నారు.

“మా వంశంలో ఇలాంటిది లేదు. నీ వైపునుంచే వచ్చింది,” అన్నారు అత్తగారు, నా ముందే.

“అవునండీ అత్తయ్యగారూ. మా వైపుదే,” అన్నారు మేడంగారు.

ఆ ఏడాదే పాప పోయింది. కర్మకాండ అయిన మర్నాడు ఆవిడ బడికొచ్చి, ఆపిన చోటినుంచే పాఠం మొదలుపెట్టారు.

ఆ జబ్బు తెచ్చే లోపం తల్లిలోనూ తండ్రిలోనూ ఉంటేనే బిడ్డకు వస్తుందని డిగ్రీలో చదువుకున్నాను. ఉద్యోగం వచ్చాక వెళ్లి అడిగాను. “మీకు తెలుసు కదండీ. ఆ రోజు ఎందుకు ఒప్పుకున్నారు?”

“ఆయన పట్టిస్తే తప్ప పాప మింగేది కాదమ్మా. తన వల్ల కూడానని తెలిస్తే ఆయన చేతులు వణికేవి. ఆ సంగతి నాకొక్కదానికి తెలిస్తే చాలనుకున్నాను.”

“మరి తర్వాతైనా?”

“తర్వాత నోరు రాలేదు. పాఠంలో మాత్రం ఉన్నదున్నట్టు చెప్పు,” అన్నారు.

మేడంగారు పోయిన పదకొండో రోజున వాళ్లింటికి వెళ్లేసరికి చుట్టాలు వెళ్లిపోయారు. మేడంగారి భర్త మెట్ల కింద నిలబడి, అరుగు మీది కనకాంబరాల కుండీకి పైపుతో నీళ్లు పెడుతున్నారు.

“నువ్వు బయాలజీ చెప్తావు కదమ్మా. బీరువాలో డాక్టరుగారి కాగితం దొరికింది. అందులో మా ఇద్దరి పేర్లూ ఉన్నాయి. ఆ జబ్బు ఒక్క వైపునుంచి రాదా?”

మేడంగారు దాచినట్టే దాచడానికి ‘వస్తుందండీ’ అన్న ఒక్క మాట చాలు. ఆ మాట నా నోట రాలేదు.

“రాదండీ,” అన్నాను.

“మా అమ్మ పోయేదాకా మీ మేడం వైపుదేనని అంటూనే ఉంది,” అన్నారాయన. “నేనూ అన్నానమ్మా. ఒక్కసారి,” అన్నారు.

పైపు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. కుండీ నిండి, మట్టినీళ్లు అరుగు మీదుగా మెట్లు దిగి, ఆయన పాదాల చుట్టూ చేరుతున్నాయి. ఆయన చూసుకోలేదు.