నిన్నటి రిపోర్టు

ల్యాబులో అందరూ ఆవిడను కడుగుడక్క అంటారు. రక్తకణాలను మిగతావాళ్లు ఒకసారి కడిగితే ఆవిడ మూడుసార్లు కడుగుతుంది.

"కణాలు అరిగిపోతాయేమో అక్కా!"

"మీ బుర్రలంత తొందరగా అరగవులే."

పందొమ్మిదేళ్లుగా ఆవిడ పని ఒకటే. తెల్లకణాలకు రంగుమందులు కలిపి, లేజర్ యంత్రంలో పెట్టి, వాటి ఒంటిమీద ఏ గుర్తులున్నాయో చూడటం. ఒక రకం బ్లడ్ క్యాన్సరులో సీడీ ఫైవ్, సీడీ ట్వంటీ త్రీ అనే గుర్తులు రెండూ ఉంటాయి. అది నత్తనడక జబ్బు. చాలామందికి ఏళ్ల తరబడి మందే అక్కర్లేదు. అచ్చం దాని వేషంలోనే ఇంకొకటి వస్తుంది. దానికి సాధారణంగా ట్వంటీ త్రీ ఉండదు. దానికి అంత ఓపికా ఉండదు.

సంతకం పెట్టే డాక్టరుకు ఇదంతా తెలుసు. తెలిసినట్టు గోడమీద పటం కట్టిన పట్టా కూడా ఉంది. అయినా ఆయన నిన్నటి రిపోర్టు తెరిచి, పేరూ వయసూ మార్చి, దాన్నే ఇవాళ్టి రిపోర్టు అంటాడు.

మంగళవారం ఒక స్కూలు బస్సు డ్రైవరు రక్తం వచ్చింది. సీడీ ఫైవ్ ఉంది. ట్వంటీ త్రీ దగ్గర తెర ఖాళీ. ఆవిడ లేచి వెళ్లేసరికి రిపోర్టు ప్రింటయిపోయింది: 'ట్వంటీ త్రీ ఉంది. ఆరునెలలకోసారి చూపించుకుంటే చాలు.'

"సార్, ఈయనకి అది లేదండీ."

"అరవై దాటినవాడు, తెల్లకణాలు లక్ష. ఇంకేముంటుందమ్మా? నీ రంగే చచ్చిపోయుంటుంది."

ఆవిడ తన బల్ల దగ్గరికి తిరిగి వెళ్లింది. నత్తనడక జబ్బేనని ఎప్పుడో తేలిన పాత రోగి రక్తం పొద్దున్నే వచ్చి ఉంది. అదే సీసాలోంచి అదే రంగు అందులో వేసి, మూడుసార్లు కడిగి, యంత్రంలో పెట్టింది. తెర నిండా చుక్కలు. ఆ కాగితం తెచ్చి ఆయన టీ కప్పు పక్కన పెట్టింది.

"రంగు బతికే ఉంది సార్."

డాక్టరు కాగితాన్ని, తర్వాత తలుపును చూశాడు. తలుపు దగ్గర ఎవరూ లేరు.

"నాకు మొదట్నుంచీ అనుమానంగానే ఉందిలే."

రిపోర్టు మార్చి, రెండో జబ్బేమో తేల్చే జన్యుపరీక్ష చేయించమని రాశాడు. డ్రైవరు ఆ కాగితంతోనే పెద్దాసుపత్రికి వెళ్లాడు. సాయంత్రం మీటింగులో డాక్టరు తన సూక్ష్మదృష్టి గురించి పావుగంట మాట్లాడాడు. కడుగుడక్క ఆ పావుగంటా గొట్టాలు కడుక్కుంది.

బుధవారం ఒక టైలరమ్మ రక్తంలో రెండు గుర్తులూ నిండుగా మెరిశాయి. ప్రింటయిన రిపోర్టులో మాత్రం: 'ట్వంటీ త్రీ లేదు. వెంటనే జన్యుపరీక్ష.'

పేరూ వయసూ సరిగ్గానే ఉన్నాయి. ఆవిడ చేతులు తుడుచుకుని, కాగితం తీసుకుని, మళ్లీ ఆయన గదివైపు నడిచింది.