చిక్కుడు వేరు కాపలా

సాయంత్రం కాలేజీలో బోటనీ పాఠం చెప్పి యాకుత్‌పురా ఇంటికొచ్చేసరికి, ఓనర్ యాదగిరన్న మేడ మీద నా చిక్కుడు మొక్క ఒకటి పీకేసి, మిగతావాటికి మందు కొట్టబోతున్నాడు.

"వేర్లకు గడ్డలైనయ్ మేడం, రోగం!"

ఒక గడ్డను గోటితో చీల్చి లోపలి ఎరుపు చూపించాను. "ఇవి గాలిల నుంచి మొక్కకు నత్రజని తీసిచ్చే బ్యాక్టీరియా ఇండ్లన్నా. రోగాన్ని పసిగట్టే వేరు కాపలానే ఎప్పుడో కోట్ల ఏండ్ల కింద కొంచెం మారి, వీటిని గుర్తుపట్టి లోపలికి రానిచ్చుడు నేర్చింది."

"క్రిములను ఎవరన్న ఇంట్లకు రానిస్తరా?"

"చిక్కుడు రానిస్తది. కొడితే ముందు నా మీద కొట్టున్రి" అని కుండీలకు అడ్డంగా నిలబడ్డాను. గొణుక్కుంటూ దిగిపోయాడు.

ఇల్లు అద్దెకిచ్చే ముందు నా కులం అడిగిన మనిషి ఈయన. చిక్కుడు వేరు మాత్రం వచ్చినది కీడు చేసేదా, మేలు చేసేదా అనే చూస్తుంది. మీరే చెప్పండి, ఎవరి కాపలా తెలివైనది?